పలమనేరు బండ మీద కుంభరాశి చుక్కలు

మా శ్రీకాళహస్తిలో మిద్దె ఎక్కి ఆకాశం చూసే అలవాటు అందరికీ ఉంది. భక్తి వల్ల కాదు. సూళ్లూరుపేట వైపు నుంచి రాకెట్టు లేచినప్పుడల్లా వీధి వీధంతా మిద్దెల మీదికి చేరుతుంది. నిప్పుగీత కనిపించినంతసేపు చూసి, "పోయింది" అనుకొని అందరూ దిగిపోతారు. నేను మాత్రం దిగను. ఇంకేమైనా వస్తుందేమోనని కాసేపు నిలబడతాను. ఒక తెల్లవారుజామున అలా నిలబడినప్పుడే, రాకెట్టు పోయాక, ఎవరూ పిలవని చుక్క ఒకటి జర్రున రాలడం చూశాను. అప్పటినుంచి ఈ పిచ్చి పట్టింది.

బజారు వీధిలో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర అంచులకు జాకెట్టు ముక్కల రంగులు జత చేయడం నా పని. బేరాలు లేని మధ్యాహ్నాలు ఫోనులో ఉల్కల గురించి చదివేదాన్ని. ఆగస్టులో, డిసెంబరులో రాలే చుక్కల గురించి పేపర్లవాళ్లు కూడా రాస్తారు. మే మొదటి వారంలో రాలేవాటిని మాత్రం ఎవరూ తలుచుకోరు. హేలీ తోకచుక్క ఎప్పుడో దారిలో వదిలిపోయిన దుమ్ములోంచి ఆ రోజుల్లో భూమి పోతుందట. తెల్లవారుజామున తూర్పున కుంభరాశి లేచాక ఆ దిక్కునుంచి చుక్కలు వస్తాయట. ఉత్తరాది దేశాలవాళ్ల కంటే మనకే బాగా కనిపిస్తాయని చదివాక ఇక ఆగలేకపోయాను.

కానీ మా ఊరి రాత్రికి చీకటి తక్కువ. గుడి దీపాలు, లాడ్జీల బోర్డులు, బస్టాండు లైట్లు. చీకటిగా ఉండి, ఆడమనిషికి భయం లేకుండా, బాత్‌రూము కూడా ఉండే చోటు కావాలి.

"చీకటంటే పలమనేరు అవతల మా పెద్దమ్మోళ్ల ఊరే," అన్నాడు మా ఆయన అన్నం తింటూ. అని, నాలుక కరుచుకున్నాడు.

ఎందుకంటే పక్కనే వడియాలు పెడుతూ మా అత్త రాజమ్మ ఉంది. పెద్దమ్మ అంటే మా అత్తకు సొంత అక్క మునెమ్మ, నాకు పెద్దత్త. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. పెద్దత్త కొడుకు గిరి పెళ్లిలో మా అత్తను రెండో బంతిలో కూర్చోబెట్టారు. ఆమె కూర్చునేసరికి వడలు అయిపోయాయి. అంతే. సగం భోజనంలో లేచి, చెయ్యి కడుక్కొని, బస్సెక్కి వచ్చేసింది. ఆ తరువాత రెండిళ్లలో ఎన్ని శుభకార్యాలు జరిగినా వీళ్లు రాలేదు, వాళ్లు రాలేదు.

అత్త వడియం పెట్టడం ఆపింది. "యాడినుంచి రాలతాయంటివి ఆ సుక్కలు?"

"కుంభరాశి నుంచి అత్తా."

"కుంభం నా రాశి. నేనూ వస్తా. నా రాశిలోంచి సుక్కలు రాలతాంటే నేను ఈడ వడియాలు పెట్టుకుంటా కూర్చోవాల్నా?"

"అమ్మా, పెద్దమ్మోళ్లింట్లో దిగాల మరి," అన్నాడు మా ఆయన భయపడుతూ.

"ఆమె ఇంటికి ఎవురు పోతాండారు? ఆకాశం సూడను పోతాండాం. ఆకాశం ఏమన్నా మునెమ్మ మొగుడు సంపాదించిందా?"

ఆ రాత్రే నేను చాటుగా గిరికి ఫోను చేశాను. "రాండి వదినా," అని, వెంటనే గొంతు తగ్గించి, "మా అమ్మకి ఎట్ల చెప్పేది?" అన్నాడు. చెప్పకు, వచ్చాక చూసుకుందామన్నాను.

మే మొదటి వారంలో ఒక ఉదయం, మా ఆయనను షాపులో వదిలి, అత్తా నేనూ ఏడు గంటలకు తిరుపతి బస్సెక్కాం. నేను చాప, దుప్పటి, టార్చి, వెలుతురు పారే ఎర్ర జిలుగు కాగితం తీసుకున్నాను. టార్చికి ఎర్ర కాగితం చుడితే చీకటికి అలవాటుపడిన కళ్లు చెదరవు. ఎవరైనా వెళ్లేట్టుంటే ఇది మరవకండి. అత్త ఒక గొడుగు తీసుకుంది. ఎండకనుకున్నాను. కాదు, ఉల్కల వాన అని మా ఆయనతో నేను అనగా వినిందట.

"తడవం అత్తా," అన్నాను.

"తడుస్తామని ఎవరన్నారు? నెత్తిన పడకుండా," అంది.

తిరుపతి బస్టాండులో ఇడ్లీ తిన్నాం. గుండ్లు చేయించుకొని దిగినవాళ్లు, ఇంకా చేయించుకోని జుట్టుతో పైకి పోయేవాళ్లు బెంచీల మీద కలిసి కూర్చున్నారు. బెంగుళూరు బస్సులన్నీ చిత్తూరు, పలమనేరు మీదుగానే పోతాయి కాబట్టి ఎక్కువసేపు ఆగక్కర్లేదు. అయితే అత్త ఆగింది. మిఠాయి కొట్లో పెద్ద పెట్టె నిండా మైసూరుపాకు కట్టించుకుంది.

"ఇంత దేనికత్తా?"

"దారిలో తిననా?" అంది. దారి పొడుగునా ఆ పెట్టె ముడి నన్ను విప్పనివ్వలేదు.

కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చాడు. "యాడికమ్మా?"

"పలమనేరుకి రెండు," అన్నాను.

"సుక్కలు సూడను పోతాండాం నాయనా," అని కలిపింది అత్త.

కండక్టరు మెడమీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "దానికి పలమనేరు దాకా దేనికమ్మా? ఈ ఎండకి నాకు పట్టపగలు తిరపతిలోనే కనపడతాండాయి."

బస్సంతా నవ్వింది. పక్క సీటులో బెంగుళూరుకు పోతున్న ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఏ రాశి, ఎప్పుడు, ఎన్ని అని అన్నీ అడిగి, అత్తది కుంభరాశి అని తెలుసుకొని, "ఏలినాటి శని కదమ్మా. రాత్రిపూట బయట తిరగడం అంత మంచిది కాదు," అన్నాడు.

"అందుకే గొడుగు తెచ్చుకున్నా," అంది అత్త తృప్తిగా.

చిత్తూరులో బస్సు కాసేపు ఆగింది. పెరుగన్నం పొట్లాలు అక్కడే విప్పాం. బంగారుపాళెం దగ్గర రోడ్డు పక్కన మామిడికాయల లారీలు, ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాసనకే కడుపు నిండింది. మొగిలి ఘాట్ ఎక్కేసరికి కిటికీలోంచి చల్లగాలి మొదలైంది. పలమనేరు ఎత్తు మీద ఉంటుంది. కింద మనం ఉడికిపోయే రోజుల్లో కూడా అక్కడ రాత్రికి దుప్పటి కావాలి.

అంతవరకూ ఆగకుండా మాట్లాడిన అత్త ఘాట్ మొదలవగానే మాట మానేసింది. సంచిలోంచి దువ్వెన తీసి తల సర్దుకుంది. తడి చేత్తో మొహం తుడుచుకుంది. చివరికి, "ఏమే హేమా, ఈ చీర నలిగిపోయిందేమో?" అంది.

"ఆకాశం చూడ్డానికే కదత్తా."

"గమ్మున ఉండు," అంది.

పలమనేరులో దిగేసరికి ఒంటిగంట. గిరి ఆటోతో వచ్చాడు. వాళ్ల ఊరు ఇంకా అరగంట దూరం. టమోటా తోటలు, మల్బరీ చేలు, మధ్యమధ్య ఏనుగు వీపుల్లా నున్నటి బండలు. నిజం ఏనుగులు కూడా ఉన్నాయని అప్పుడే చెప్పాడు. "అడవి దగ్గర కదా వదినా. పదైదు దినాలుగా ఇటు రాలేదులే," అన్నాడు, ఓదార్పుగా.

ఇంటి ముందు అరుగు మీద పెద్దత్త చెనిక్కాయలు వలుస్తోంది. తల ఎత్తి చూసింది. చెల్లెల్ని చూసింది, గొడుగును చూసింది, నన్ను చూసింది. తరువాత నాతో అంది: "రామ్మా హేమా. ఎవుర్నో పిల్చుకొచ్చినట్టుండావే."

ఆ పూట నేను ఎంత పని చేశానో టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూడా ఎవరూ చేసి ఉండరు. సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ పెద్దత్త, "హేమా, ఇంగో ముద్ద పెట్టేదా అని అడుగు," అంటుంది. ఇద్దరి మధ్య మూరెడు దూరం. నేను అడగాలి. "సగం ముద్ద సాలని చెప్పు," అంటుంది మా అత్త. నేను చెప్పాలి. పెద్దత్త నిండు ముద్దే పెడుతుంది. భోజనం అయ్యాక మా అత్త మైసూరుపాకు పెట్టెను గూట్లో పెట్టి, గోడతో అన్నట్టు, "ఇది ఈడ పెడితే చీమలు పడతాయి. ఎవరన్నా తినేస్తే మేలు," అంది. సాయంత్రానికి పెట్టె సగం అయింది. తిన్నట్టు ఎవరూ ఒప్పుకోలేదు.

పొద్దు గుంకాక అసలు చిక్కు వచ్చింది. పెద్దత్త ఇంటి ఎదుటే కొత్తగా వేసిన ఎల్‌ఈడీ వీధి దీపం. దాని కింద సూదిలో దారం ఎక్కించవచ్చు. ఒక్క చుక్క కనిపించదు. కాసేపు ఆర్పించడానికి వీలవుతుందా అని గిరిని అడుగుతుండగా పెద్దత్త విన్నది.

"మూడేండ్లు ఆపీసు సుట్టూ తిరిగి ఏపించుకున్న లైటు! పాములు, తేళ్లు కనపడకపోతే మీ సుక్కలొచ్చి కాపాడతాయా?"

చేని దగ్గర రాగులు ఎండబోసే పెద్ద బండ ఉందని, అక్కడికైతే ఏ వెలుతురూ రాదని గిరి అన్నాడు. మా అత్త వెంటనే ఒప్పుకుంది.

"ఏనుగులొస్తే ఏం చేస్తుందో అడుగు," అంది పెద్దత్త నాతో.

"ఏనుగులకి నా మీద పగ లేదని చెప్పు. మనుషులకే," అంది మా అత్త.

తెల్లవారుజాము మూడు గంటలకు అలారం మోగింది. చప్పుడు చేయకుండా చాపలు చంకన పెట్టుకొని నేను, అత్త, గిరి గేటు దాకా వచ్చాం. అక్కడ తలకు తువ్వాలు చుట్టుకొని, చేతికర్రతో, ఎప్పటినుంచి నిలబడిందో పెద్దత్త నిలబడి ఉంది.

"బండ మీదికి దారి గిరిగానికి సరిగ్గా తెలీదు. తేళ్లుంటాయి. నేను ముందు పోతా అని చెప్పు," అని కర్ర తాటించుకుంటూ నడిచింది. గిరి పుట్టి పెరిగింది ఆ చేలోనే.

బండ పగటి ఎండకు ఇంకా నులివెచ్చగా ఉంది. దుప్పట్లు పరిచి ముగ్గురం వెల్లకిలా పడుకున్నాం. అటు మా అత్త, ఇటు పెద్దత్త, మధ్యలో నేను. గిరి కింద ట్రాక్టరు ట్రాలీలో పడుకున్నాడు. ఆకాశం వైపు చూశాను. మా ఊరి మిద్దె మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే ఉంటాయి. ఇక్కడ చుక్కల మధ్య ఖాళీ వెతుక్కోవాలి. తూర్పు వైపు చెయ్యి చూపించి, కుంభరాశి అదిగో అక్కడ అన్నాను.

"కుండ మాదిరి లేదే," అంది అత్త.

అరగంట దాకా ఏమీ రాలలేదు. ఒక విమానం పోయింది. పెద్దత్త గురక మొదలుపెట్టింది. ఇంత దూరం లాక్కొచ్చి, ఉత్త చేతులతో తీసుకుపోతే జన్మంతా ఈ మాట వినాలి. కళ్లజోడు తుడుచుకుందామని నేను తల వంచిన ఆ ఒక్క క్షణంలో, పక్కనుంచి మా అత్త ఊపిరి తిప్పుకోకుండా అందుకుంది:

"మల్లి, జాజి, కనకాంబరం, చామంతి, మరువం!"

ఆమెకేమైందో నాకు అర్థం కాలేదు. అంతలో ఇటుపక్క గురక ఆగింది.

"మరువం పువ్వు గాదు," అంది పెద్దత్త. "ఆకు."

తొమ్మిదేళ్ల తరువాత అక్క చెల్లెలితో నేరుగా అన్న మొదటి మాట అది.

"అమ్మ మరువమనే చెప్పేది," అంది మా అత్త చీకట్లోకి.

"అమ్మ మొల్ల అని చెప్పేది. నీకు మొదట్నించీ సెవుడు."

"సెవుడు నాకా? నిద్దరపోతా నా మాట విన్నదెవురు?"

సంగతి తరువాత నాకు చెప్పారు, ఇద్దరూ ఒకేసారి. చుక్క రాలడం చూసినవాళ్లకు మతిమరుపు వస్తుందట. రాకుండా ఉండాలంటే వెంటనే ఐదు పూల పేర్లు చెప్పాలట. చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది. చెప్పిన పువ్వు మళ్లీ చెప్పకూడదన్నది మాత్రం పెద్దత్త అప్పటికప్పుడు పెట్టిన రూలని నా అనుమానం.

చుక్కలు రాలడం మొదలైంది. జోరుగా వచ్చి, పొడుగ్గా గీత గీసి, వెనక సన్నటి పొగలాంటి వెలుగు వదిలి పోతున్నాయి. నేను కొన్నే చూశాను. మిగతావాటికి ఇద్దరూ నా మీదుగా వంగి వాదించుకుంటున్నారు. "సంపంగి, గన్నేరు, నందివర్దనం, మందారం, పారిజాతం" అని ఒక చెవిలో వినబడితే ఒకటి రాలిందని తెలుసుకున్నాను. పూలతోటలు అయిపోయాక కూరగాయల మడులు మొదలయ్యాయి.

"గుమ్మడిపువ్వు, బీరపువ్వు, వంగపువ్వు, నువ్వుపువ్వు, ముల్లంగి!" అంది పెద్దత్త.

"ముల్లంగికి పువ్వు యాడుండాది?"

"పీకకుండా ఇత్తనానికి ఇడిస్తే పూస్తాది. నీకు అంగట్లో కొనుక్కోడమే తెలుసు."

అప్పుడే దక్షిణాన నేలమీదినుంచి సుయ్యిమని ఒక వెలుగు పైకి లేచి, పగిలి, ఎర్రగా చెదిరింది. "తామర, కలువ, మొగలి..." అని పెద్దత్త అందుకుంది.

"అది టపాకాయ," అంది మా అత్త. "సుక్క యాడన్నా కిందనుంచి పైకి రాల్తాదా?"

మా అత్త చెప్పిందే నిజం. గిరి ఒంగి ఒంగి బండెక్కి వచ్చాడు. "మాట్లాడొద్దండి. వంక అవతల ఏనుగులు దిగినాయంట. పక్క చేనోళ్లు రాకెట్టు ఇడిసినారు. బండ ఏటవాలుగా ఉండాది, ఇంత పైకి రావు. గమ్మున పడుకోండి."

పడుకున్నాం. నా ఎర్ర టార్చి ఆర్పేశాను. చేని పక్క వాగు, ఆ వంక అవతల కొమ్మ ఒకటి ఫెళ్లున విరిగిన చప్పుడు. తరువాత ఇంకొకటి, దగ్గరగా. ఉల్కల కోసం ఇల్లు వదిలి వచ్చి ఏనుగు కింద పోయిందని మా వీధిలో చెప్పుకుంటే ఎలా ఉంటుందో అనుకున్నాను. మా ఆయనకు జాకెట్టు ముక్కల్లో ఆకుపచ్చకీ చిలకపచ్చకీ తేడా తెలియదు, షాపు ఏం కావాలి అని కూడా అనుకున్నాను.

అదే సమయానికి రాత్రంతటిలోకీ పెద్దది వచ్చింది. తూర్పున లేచి, మా నెత్తిమీదుగా, పడమటి కొండ దాకా ఆకాశాన్ని రెండుగా చీల్చుకుంటూ పోయింది. పోయాక కూడా దాని జాడ అలాగే నిలిచింది. ఈసారి పూల పేర్లేవీ వినబడలేదు. నా కడుపు మీద మాత్రం అటునుంచి ఒక చెయ్యి, ఇటునుంచి ఒక చెయ్యి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పట్టు గట్టిది. నాకు ఊపిరాడలేదు.

"అక్కా," అని గుసగుసగా అంది మా అత్త. "ఏనుగు తొక్కి చచ్చేముందు ఒకటి అడుగుతా. నన్ను రెండో బంతిలో ఎందుకు కూర్చోబెట్టినావు?"

వంక దగ్గర నీళ్ల చప్పుడు.

"మొదటి బంతి బయటోళ్లకే, రాజమ్మా. ఇంటోళ్లం తరవాత తింటాం. నేనూ పొద్దన్నించీ తినలేదు. నీ పక్కన ఆకేసుకోని, నెయ్యిగిన్నె కోసం లోపలికి పోయినా. వచ్చి సూస్తే నువ్వు లేవు."

మా అత్త చెయ్యి వదల్లేదు. "వడలు?" అంది.

"నీకని నాలుగు దాచిపెట్టింటి. నువ్వు పోయినాక కోపమొచ్చి కుక్కకేసినా."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఏనుగులకు వినబడుతుందని నోటికి కొంగులు అడ్డం పెట్టుకొని, బండ అదిరేట్టు నవ్వారు. గిరి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు, ఏనుగులకో వీళ్లకో తెలియదు. ఏనుగులు వంక వెంబడే అడవి వైపు పోయాయని కాసేపటికి పక్క చేనివాళ్లు కేకేసి చెప్పారు. తూర్పు తెల్లబడింది. బండ దిగేటప్పుడు అక్క కర్ర చెల్లెలి చేతిలో ఉంది, చెల్లెలి రెండో చెయ్యి అక్క భుజం మీద ఉంది.

మర్నాడు నేనొక్కదాన్నే బయలుదేరాను. పదైదు రోజులు ఉండి వస్తానంది అత్త. వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మే మొదటి వారంలో, చంద్రుడు లేని తెల్లవారుజాము చూసుకోండి. మూడు దాటాక తూర్పుకేసి పడుకోండి, మొదటి అరగంట ఏమీ రాలకపోతే లేచిపోకండి. అడవి దగ్గరి చోటైతే ఊరివాళ్లు లేకుండా చేలల్లోకి పోవద్దు. ఎన్ని చూశావని మా ఆయన ఫోనులో అడిగితే నేను లెక్క చెప్పలేకపోయాను. కళ్లతో చూసినవాటి కంటే చెవులతో విన్నవే ఎక్కువ. అయినా, దుకాణంలో పొద్దంతా రంగులు చూసే నాకు ఇంత నల్లటి నలుపు ఒకటుందని, అందులో మనుషులు ఒకరికొకరు ఇంత బాగా కనిపిస్తారని అప్పటిదాకా తెలియదు.

పలమనేరు బస్టాండులో తిరుపతి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో ఫోను మోగింది. అత్త.

"హేమా, బస్సెక్కినావా? ఎక్కకపోతే ఆడే ఉండు. నేనూ వచ్చేస్తా. ఈయమ్మతో ఒక పూట ఉండేదానికి కాదు. కాఫీలో చక్కెర ఏసేది కూడా నాకు నేర్పిస్తాండాది."

వెనకనుంచి పెద్దత్త గొంతు: "పొమ్మను! ఆటో పిలవమని గిరిగానికి చెప్తా!"

నేను కిటికీలోంచి చూశాను. మా డ్రైవరు టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకొని ఎవరితోనో తీరిగ్గా మాట్లాడుతున్నాడు. కండక్టరు ఇంకా మనుషుల్ని పిలుస్తూనే ఉన్నాడు.

"అయ్యో అత్తా," అన్నాను, "బస్సు అప్పుడే ఘాట్ దిగుతోందే."

అత్త, పెద్ద గొంతుతో, నాకోసం కాదు, "బస్సు పోయిందంట! నేనేం చేసేది మరి!" అంది.

"పోతే పోనీ," అంది అవతలి గొంతు. "లోపలికి రా. సంగటి కెలకాల."